మా సిరొంచ అడవిలో గార్మిన్ గ్లో 2: ఫోన్ జీపీఎస్ చాలదా?

మాది గడ్చిరోలి జిల్లా, సిరొంచ తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మా గ్రామసభ వన హక్కుల సమితిలో నాలుగేళ్లుగా కొలతల పని నాదే. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద, అడవిలో సాగు చేసుకుంటున్న భూమిపై హక్కు కోసం దావా వేసే ప్రతి ఇంటి చెలక చుట్టూ నడవాలి, మూలమూలనా జీపీఎస్ పాయింట్ తీసుకోవాలి, నక్షా గీయాలి. మొదటి రెండేళ్లు నా ఫోన్‌తోనే లాగించాను. ఆ తర్వాత గార్మిన్ గ్లో 2 అనే రిసీవర్ కొన్నాను. ఇది ఉపగ్రహాల సిగ్నల్‌ను తానే పట్టుకొని, మనం ఉన్న స్థానాన్ని బ్లూటూత్‌తో ఫోన్‌కు పంపుతుంది. దాదాపు ఒక మామూలు ఫోన్‌కి పెట్టినంత డబ్బు పెట్టాను. అందుకే వాడకం వివరంగా రాస్తున్నాను.

కొనడానికి కారణం ఒక ఇప్పచెట్టు. జింగానూరు వైపు ఒక తాత చెలకకు మూడు పక్కలా టేకు అడవి. ఫోన్ పట్టుకొని చుట్టూ నడిచి నక్షా తీస్తే, అంతకుముందు టేపుతో కొలిచినదానికంటే 9 గుంటలు తక్కువ వచ్చింది. తాత కాగితం చేతిలోకి తీసుకొని చాలాసేపు చూశాడు. "నా ఇప్పచెట్టు గీత బయట పడ్డదేంది బిడ్డా?" అన్నాడు. ఆ చెట్టు చెలకలో, హద్దుకు పది అడుగులు లోపల ఉంది. వాళ్ల నాన్న కాలం నుంచి దాని పూలు ఏరుకుంటున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తప్పు చిన్నదే అనుకుంటాం కానీ లెక్క వేస్తే తెలుస్తుంది. ఎకరం చదరంగా ఉంటే ఒక్కో పక్క సుమారు 64 మీటర్లు. గీత నాలుగు పక్కలా 3 మీటర్లు లోపలికి జరిగిందంటే దాదాపు 7 గుంటలు పోయినట్టే. మామూలుగా ఒక పాయింట్ అటు, ఒక పాయింట్ ఇటు జరిగి కొంత సర్దుకుంటుంది. చెలక చిన్నదైతే ఆ సర్దుబాటును నమ్ముకోలేం.

ఫోన్ జీపీఎస్ చెడ్డదేమీ కాదు. ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్ కూడా 5 మీటర్ల లోపే చూపిస్తుంది. చిక్కంతా చెట్ల కింద, టవర్ లేని చోట. నెట్ ఉంటే ఉపగ్రహాలు ఎక్కడున్నాయో ఆ సమాచారాన్ని ఫోన్ ఇంటర్నెట్ నుంచి క్షణంలో లాక్కుంటుంది. నెట్ లేకపోతే ఉపగ్రహం పంపేదాకా ఆగాలి. ఒక్కో ఉపగ్రహం తన లెక్కను 30 సెకన్లకోసారి తిరిగి పంపుతుంది. మధ్యలో ఒక కొమ్మ అడ్డొచ్చి సిగ్నల్ తెగితే మళ్లీ మొదటికే. పైగా ఛార్జింగ్ కోసం మనం స్క్రీన్ ఆపుతూ ఉంటాం, ఫోన్ కూడా జీపీఎస్‌ను ఆపేస్తూ ఉంటుంది.

రిసీవర్ లాభం ఇక్కడే తెలిసింది. 60 గ్రాముల డబ్బా, స్క్రీన్ లేదు, జీపీఎస్‌తో పాటు రష్యా గ్లొనాస్ ఉపగ్రహాలనూ పట్టుకుంటుంది. సెకనుకు 10 సార్లు స్థానం పంపుతుంది. బ్యాటరీ 13 గంటలని కంపెనీ చెబుతుంది. నేను పొద్దున ఆరింటికి వాకిట్లో ఆన్ చేస్తే సాయంత్రం ఇంటికి వచ్చేదాకా నడుస్తూనే ఉంటుంది. ఆగదు కాబట్టి ప్రతి చెలక దగ్గరా మొదటి నుంచి వెతుక్కునే పని లేదు. నా టోపీ మీద పాత జాకెట్ గుడ్డతో చిన్న జేబు కుట్టి అందులో పెట్టాను. ఫోన్‌ను చేత్తో నడుము దగ్గర పట్టుకుంటే ఒక పక్క ఆకాశానికి మన ఒళ్లే అడ్డం. తల మీద పెడితే ఆ అడ్డం ఉండదు.

కొన్న వారంలోనే టేకు చెట్ల నీడలో ఉన్న ఒక హద్దురాయి దగ్గర పరీక్ష పెట్టాను. రెండింటితోనూ వేర్వేరు పూటల్లో పదేసి సార్లు పాయింట్ తీశాను. ఫోన్ పాయింట్లలో దూరంగా పడ్డ రెండింటి మధ్య 17 మీటర్లు వచ్చింది. రిసీవర్‌తో 7 మీటర్లు. వాగు ఒడ్డున, ఖాళీ పొలంలో చూస్తే మాత్రం తేడా కనిపించనే లేదు. తాత చెలక మళ్లీ కొలిచాం. టేపు లెక్కకు ఒక గుంట తేడాతో వచ్చింది. ఇప్పచెట్టు గీత లోపలే ఉంది. తాత వేలితో ఆ చుక్కను రెండుసార్లు తడిమి చూసుకున్నాడు.

ఇబ్బందులూ చెప్పాలి. ఆండ్రాయిడ్‌లో ఇది నేరుగా పనిచేయదు. మధ్యలో ఒక యాప్ వేసుకొని, ఫోన్ సెట్టింగ్స్‌లోని డెవలపర్ ఆప్షన్స్‌లో మాక్ లొకేషన్ (ఫోన్ సొంత జీపీఎస్‌కు బదులు బయటి స్థానాన్ని వాడుకునే సెట్టింగ్) కింద ఆ యాప్‌ను ఎంచుకోవాలి. మాక్ లొకేషన్ కనబడితే పనిచేయని యాప్‌లు కొన్ని ఉంటాయి, కాబట్టి మీకు అవసరమైన యాప్ ఒప్పుకుంటుందో లేదో ముందే చూసుకోండి. ఇంకో మాట. స్క్రీన్ మీద "3 మీటర్లు" అని కనిపిస్తే అది గ్యారంటీ కాదు. ఆండ్రాయిడ్ లెక్కలో చుక్క చుట్టూ ఆ 3 మీటర్ల వలయం లోపల మనం ఉండే అవకాశం నూటికి 68 మాత్రమే. అందుకే మూల దగ్గర రెండు నిమిషాలు కదలకుండా నిలబడి సగటు తీసుకుంటాను. నక్షా ఎంత బాగా వచ్చినా హద్దురాళ్లు, ముసలివాళ్ల సాక్ష్యం పక్కన పెట్టొద్దు. 2012 నాటి సవరణ నియమాలు కూడా టెక్నాలజీ మిగతా సాక్ష్యాలకు తోడేగానీ వాటికి బదులు కాదనే చెప్పాయి.

మరి మీరు కొనాలా? ముందు జీపీఎస్‌టెస్ట్ యాప్ వేసి మీ ఫోన్‌లో ఉపగ్రహాల పక్కన ఎల్5 అని కనిపిస్తుందేమో చూడండి. ఎల్5 అంటే ఉపగ్రహాలు పంపే కొత్త తరహా సిగ్నల్. అది చెట్లకూ గుట్టలకూ తగిలి తిరిగొచ్చే సిగ్నల్‌ను అసలుదాని నుంచి బాగా వేరు చేస్తుంది. 2018 నుంచి ఇలాంటి ఫోన్లు వస్తున్నాయి. గ్లో 2లో పాత సిగ్నల్ ఎల్1 ఒక్కటే. ఎల్5 ఉన్న ఫోన్ చేతిలో ఉంటే ఈ రిసీవర్ మీద డబ్బు పెట్టొద్దు. ఊరు దాటకముందే నెట్ ఉన్న చోట, ఆరుబయట పదిహేను నిమిషాలు జీపీఎస్ ఆన్ చేసి ఉంచండి, చాలు. నాలా పాత ఫోన్‌తో రోజంతా అడవిలో తిరిగేవాళ్లకైతే ఇది పెట్టిన డబ్బుకు తగిన వస్తువే. మా సమితికి రెండో సెట్ కావాలని మొన్న గ్రామసభలో అడిగారు. ఈసారి రిసీవర్ కాదు, ఎల్5 ఉన్న ఫోనూ పవర్ బ్యాంకూ తీసుకుందామని చెప్పాను.