డక్‌టేప్ స్క్రిప్ట్ ఇంజిన్: చిన్నదే గానీ స్టాక్ లెక్క తప్పితే చుక్కలే

విడవలూరు సైడు మా మామ రొయ్యల గుంటల్లో ఏరియేటర్లు (నీళ్ళకి గాలి పట్టించే మిషన్లు) ఆన్ చేసే బాక్సుకి సీలో కోడు రాశా, లిమిట్ మార్చిన ప్రతిసారీ నెల్లూరు నించి బండేసుకుని పోలేక ఈ జావాస్క్రిప్ట్ ఇంజిన్ లోపల పెట్టా, లిమిట్ మామే స్క్రిప్ట్‌లో మార్చుకుంటాడని. 160 కేబీ ఫ్లాష్, 64 కేబీ ర్యామ్ బోర్డులో కూడా నడుస్తుంది, ఎంఐటీ లైసెన్సు, ఇక్కడిదాకా సూపర్.

అసలు కథ స్క్రిప్ట్‌లోని ఆబ్జెక్ట్‌లోంచి ప్రాపర్టీ (పేరు పెట్టి దాచిన వాల్యూ) సీ కోడు చదివేటప్పుడు. డక్_గెట్_ప్రాప్_స్ట్రింగ్ పిలిస్తే వాల్యూ చేతికి రాదు, స్టాక్ (వాల్యూలు ఒకదాని మీద ఒకటి పేర్చే చోటు) మీద పడుద్ది, చదువుకుని మనమే పాప్ చెయ్యాల, అంటే పైనించి తీసెయ్యాల. ప్రాపర్టీ లేకపోతే సున్నా రిటర్న్ చేస్తుంది గానీ స్టాక్ మీద అన్‌డిఫైన్డ్ (ఏమీ లేదని చెప్పే వాల్యూ) పెడుతుంది, అప్పుడూ పాప్ చెయ్యాల్సిందే, నేను ప్రాపర్టీ ఉన్నప్పుడే పాప్ చేసి రెండు రాత్రులు తల బాదుకున్నా (తప్పు నాదేలే, డాక్యుమెంట్లో క్లియర్‌గానే ఉంది).

ఇంకోటి, నంబరు చదివే డక్_గెట్_ఇంట్, అక్కడున్నది నంబరు కాకపోయినా కిక్కురుమనకుండా సున్నా ఇస్తుంది. మామ లిమిట్ 4 ని కోట్స్‌లో పెట్టి టైపు చేశాడు, అది నంబరు కాక స్ట్రింగ్ (అక్షరాల ముక్క) అయ్యి, చదివితే సున్నా అయికూర్చుంది, ఏరియేటర్ తిరగలా, ఏందబ్బా ఇది అనుకున్నా, టెస్టింగ్ కాబట్టి రొయ్యలు బతికినయ్. డక్_రిక్వైర్_ఇంట్ వాడితే ఎర్రర్ వేస్తుంది, కాకపోతే సేఫ్ కాల్ (ఎర్రర్‌ని పట్టుకునే కాల్) లోపల లేకపోతే ప్రోగ్రామే చచ్చిపోద్ది. స్ట్రింగులైతే పాప్ కొట్టకముందే కాపీ చేసుకోండి.

5కి 4 ఇస్తున్నా.