కడియపులంక నర్సరీలో కొన్న ఆకు మొక్కలు: పదిహేను నెలల తరువాత

రావులపాలెం నుంచి గౌతమి వంతెన దాటి జొన్నాడ మీదుగా రాజమహేంద్రవరం వైపు వెళ్తుంటే, కడియపులంక సమీపించేసరికి దారి పొడవునా నర్సరీలే కనిపిస్తాయి. అక్కడి వ్యాపారమంతా ప్రధానంగా పూల మొక్కలదీ, అలంకరణ మొక్కలదీ కావడం వల్ల, వంటకూ చిట్కా వైద్యానికీ పనికివచ్చే ఆకు మొక్కలు వెనుక వరుసలో, నీడ వల కింద ఒక మూలన సర్దుకుని ఉంటాయి. నిరుడు ఆషాఢంలో అలాంటి ఒక మధ్యతరహా నర్సరీలో పుదీనా, వామాకు, సరస్వతి ఆకు, నిమ్మగడ్డి, కరివేపాకు, కృష్ణ తులసి, మరువం, ఇన్సులిన్ మొక్క, రోజ్‌మేరీ కొన్నాను. పుదీనా రెండు తీసుకోవడంతో మొత్తం పది మొక్కలకు 560 రూపాయలు అయింది. అందులో 150 రూపాయలు రోజ్‌మేరీ ఒక్కదానికే.

మొక్కల ఆరోగ్యం విషయంలో వంక పెట్టడానికి లేదు. ఆకు వెనుక పిండినల్లి గానీ, కాండం మీద మచ్చ గానీ కనిపించలేదు. ఇబ్బంది అంతా కవరు చింపిన తరువాతే మొదలైంది. వేళ్ళ చుట్టూ ఉన్న ఎర్రమట్టి ముద్ద ఇటుకలా బిగుసుకుపోయి ఉంది. ఒక పుదీనాను ఆ ముద్దతోనే మా పెరటి నల్లమట్టిలో పాతి రోజూ నీళ్ళు పోశాను. వారం తిరిగేసరికి వాడిపోయింది. తవ్వి చూస్తే చుట్టూ ఉన్న మట్టి బురదగా ఉంది గానీ, ముద్ద నడిమి భాగం పొడిగా, వేలితో నొక్కితే పొడుము రాలేలా ఉంది. రెండో పుదీనాను బకెట్ నీళ్ళలో అరగంట నానబెట్టి, మట్టిని వేళ్ళ నుంచి మెల్లగా విడదీసి, ఇసుకా, చివికిన పశువుల ఎరువూ, కొబ్బరిపొట్టూ కలిపిన తొట్టెలో నాటాను. అది ఇప్పటికి మూడు తొట్టెలైంది. ఏళ్ళ తరబడి మొక్కలు అమ్ముతున్నవారు ఈ ఒక్క మాట కొనేటప్పుడే చెప్పి ఉండవలసింది.

చెప్పకపోవడం ఒక ఎత్తయితే, పేర్లు తప్పుగా చెప్పడం మరో ఎత్తు. వామాకు ముందున్న అట్ట మీద ‘వాము మొక్క’ అని రాసి ఉంది. వాసన దగ్గరగా ఉండబట్టి ఆ పేరు వచ్చిందే తప్ప, మనం మజ్జిగలో వేసుకునే వాము గింజలు వేరే మొక్కవి. అది సన్నని ఆకుల, కొత్తిమీర కుటుంబపు మొక్క. మందపాటి నూగు ఆకుల ఈ మొక్క నుంచి గింజల కోసం ఎదురుచూసేవారికి నిరాశే మిగులుతుంది. బజ్జీలకు మాత్రం దీనికి సాటి లేదు. విరిగిన కొమ్మను గుచ్చినా బతుకుతుంది కనుక, పక్కింటివారి దగ్గర ఉంటే దీన్ని అసలు కొననక్కరలేదు.

రోజ్‌మేరీ అమ్మినందుకు మాత్రం నాకు నిజంగానే కష్టం వేసింది. మధ్యధరా సముద్ర ప్రాంతపు పొడి నేలల్లో పెరిగే ఆ మొక్క, నీరు త్వరగా ఇంకని డెల్టా మట్టిలో, శ్రావణ భాద్రపదాల ముసురులో నిలవడం చాలా కష్టం. మాది వేరు కుళ్ళి చనిపోయింది. వానాకాలం వెళ్ళాక తీసుకెళ్ళమని ఒక్క మాట అని ఉంటే వారికి పోయే బేరం కూడా ఏమీ లేదు. ఇన్సులిన్ మొక్కనేమో ‘రోజుకో ఆకు నమిలితే షుగరు మాత్రలు మానేయవచ్చు’ అంటూ అంటగట్టారు. దాని ఊదారంగు కాండం కుండీలో అందంగానే ఉంది గానీ, పెరటి ఆకును నమ్ముకుని వైద్యులు రాసిచ్చిన మాత్ర మానడం ప్రమాదకరం. నర్సరీలో అనవలసిన మాట కాదది.

మిగిలినవన్నీ పెట్టిన డబ్బుకు మించి ఫలితం ఇచ్చాయి. బోరింగు పక్క తడి నేలలో సరస్వతి ఆకు చాపలా అల్లుకుంది. వారానికోసారి పెసరపప్పులో వేస్తున్నాము. నిమ్మగడ్డి దుబ్బుకట్టింది, ఆకు అంచుకు వేళ్ళు తెగుతాయి కనుక కత్తెరతోనే కోసుకోవాలి. తులసికి కంకులు వచ్చినప్పుడల్లా తుంచుతుంటే చిగురు ఆగడం లేదు. మరువం మాత్రం బతికి ఉంది, అంతే.

కరివేపాకు మీద పక్షి రెట్టలా కనిపించే చిన్న పురుగులు చేరి, పెరిగి ఆకుపచ్చగా మారేసరికి రెండు రెమ్మలు ఈనెలు మాత్రమే మిగిలాయి. నిమ్మ చెట్ల మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుకల పిల్లలే అవి. కరివేపాకూ నిమ్మ కుటుంబపు మొక్కే. నర్సరీకి ఫోను చేస్తే ఒక పురుగుమందు పేరు చెప్పారు. తాలింపులో వేసుకునే ఆకు మీద మందు కొట్టడానికి మనసొప్పక, రోజూ పొద్దున్నే చేత్తో ఏరివేశాను. పది రోజుల్లో కొత్త చిగురు వచ్చింది.

ఈ ఆశ్వయుజంలో మళ్ళీ అక్కడికే వెళ్ళి మరో కరివేపాకు మొక్క కొన్నాను. మొక్క నాణ్యత కోసం ఆ దూరం వెళ్ళడం నాకు దండగ అనిపించలేదు. డబ్బు కడుతూ వాము సంగతి కదిపితే యజమాని నవ్వి, ‘ఆయ్, జనం అలాగే అడుగుతారండి’ అన్నారు. బయటికి వస్తూ చూశాను, అట్ట కొత్తది పెట్టారు. దాని మీద కూడా ‘వాము మొక్క’ అనే ఉంది.