ప్రీప్రింట్ ముందా, నేరుగా జర్నల్‌కా?

డేటా విశ్లేషణ ముగిసింది, టేబుళ్లు కుదిరాయి, కో-ఆథర్లందరూ సరేనన్నారు. పేపర్ బయటికి పంపడమే తరువాయి. టీమ్‌లో వాదన మొదలయ్యేది అప్పుడే. ముందు ప్రీప్రింట్‌గా, అంటే జర్నల్ రివ్యూ (తోటి నిపుణుల పరిశీలన) కాకముందే ఆన్‌లైన్‌లో, పెట్టేద్దామని కుర్రవాళ్లు తొందరపడతారు. రివ్యూ కాని ఫలితం గడప దాటకూడదని సీనియర్లు పట్టుబడతారు. ఇద్దరి మాటలోనూ పస ఉంది. నేను మాత్రం ఒక్క ప్రశ్న అడిగి తేల్చుకుంటాను: ఈ ఫలితం తప్పని రేపు తేలితే, ఈలోగా దీన్ని నమ్మి ఎవరైనా రోగికి మందు ఇచ్చేసి ఉంటారా?

ఫిజిక్స్ వాళ్లు 1991 నుంచీ ప్రీప్రింట్లు పెట్టుకుంటున్నారు. వైద్యానికి అలాంటి వేదికగా మెడ్‌ఆర్కైవ్ వచ్చింది 2019 జూన్‌లో. అంత ఆలస్యానికి పాత భయం కూడా ఒక కారణం. వేరే చోట ముందే వెలువడిన ఫలితాలను తాము అచ్చు వేయబోమని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఎడిటర్ ఫ్రాంజ్ ఇంగెల్‌ఫింగర్ 1969లో నియమం పెట్టారు. మిగతా జర్నళ్లు చాలావరకు ఆయన దారే పట్టాయి. ఇప్పుడు ఆ పట్టు సడలింది. ప్రీప్రింట్ ఉన్నా పేపర్ తీసుకునే పెద్ద జర్నళ్లు చాలానే ఉన్నాయి. కాబట్టి "ప్రీప్రింట్ పెడితే జర్నల్ వాళ్లు తీసుకోరేమో" అని అందరూ టెన్షన్ పడాల్సిన పని లేదు. మనం పంపబోయే జర్నల్ సూచనల పేజీలో ఆ ఒక్క పేరా చదువుకుంటే చాలు.

ప్రీప్రింట్ వల్ల ఎంత మేలు జరగగలదో చూడాలంటే, బ్రిటన్‌లో కోవిడ్ మందులను పరీక్షించిన రికవరీ ట్రయల్ చూడాలి. కోవిడ్ రోగులకు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణం నిలుపుతోందని 2020 జూన్ 16న ప్రకటించారు. జూన్ 22న ప్రీప్రింట్ వచ్చింది, జర్నల్‌లో జూలై 17న వచ్చింది. ఆ ప్రీప్రింట్ ప్రకారం, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో 28 రోజుల మరణాలు మామూలు చికిత్సతో 40.7 శాతం, ఈ మందుతో 29.0 శాతం. జర్నల్‌లో అవి 41.4, 29.3 అయ్యాయి. అంకెలు కాస్త కదిలాయి, తీర్పు కదల్లేదు. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఆక్సిజన్ అవసరం లేని రోగులకు మేలు కనిపించలేదని వివరంగా చూపింది ఆ ప్రీప్రింట్ టేబులే. మందు ఎవరికి ఇవ్వకూడదో అంకెలతో సహా వార్డులో ఉన్న డాక్టర్‌కు అన్ని వారాలు ముందే తెలియడం చిన్న విషయం కాదు.

దీనికి పూర్తిగా ఎదురు నిలిచే ఉదాహరణా అదే కాలంలో ఉంది. నులిపురుగులకు వాడే ఐవర్‌మెక్టిన్ కోవిడ్‌కు అద్భుతంగా పనిచేస్తోందన్న ఒక ప్రీప్రింట్‌ను డేటా మీద తీవ్రమైన అనుమానాలు రావడంతో 2021 జూలైలో వెనక్కి తీశారు. అప్పటికే ఆ అంకెలు మెటా-అనాలిసిస్‌లలోకి (అనేక అధ్యయనాల ఫలితాలను కలిపి వేసే లెక్కల్లోకి) ఎక్కేశాయి.

అలాగని జర్నల్ ముద్ర పడితే నిశ్చింత అనుకోవడానికీ లేదు. సర్జిస్ఫియర్ అనే కంపెనీ ఇచ్చిన డేటాతో వచ్చిన రెండు పేపర్లను లాన్సెట్, న్యూ ఇంగ్లండ్ జర్నల్ రెండూ ఒకే రోజు, 2020 జూన్ 4న, ఉపసంహరించుకున్నాయి. రెండూ రివ్యూ దాటినవే. రివ్యూయర్ మామూలుగా ముడి డేటా చూడడు, చేతికొచ్చిన పేపర్ చూస్తాడు. లేని రోగులను సృష్టిస్తే పట్టుకోవడం అతని వల్ల కాకపోవచ్చు.

మరి రివ్యూ దేన్ని పట్టుకుంటుంది? డిజైన్‌లో తప్పును. ఆసుపత్రి రికార్డులు తిరగేసి, ఫలానా మాత్ర వాడినవాళ్లలో మరణాలు తక్కువని తేల్చారనుకుందాం. మంచి రివ్యూయర్ ఒకే వాక్యం రాస్తాడు: "మాత్ర అడ్మిషన్ తర్వాత ఎన్నో రోజున మొదలైంది?" ఐదో రోజున మొదలైతే, వాడినవాళ్లంతా ఐదో రోజు దాకా బతికినవాళ్లే. మూడో రోజే చనిపోయినవాళ్లు "వాడనివాళ్ల" లెక్కలోకి పోతారు. మందుకు ఏ గుణమూ లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తుంది. విశ్లేషణ మళ్లీ చేస్తే తేడా మొత్తం మాయమైపోవచ్చు. ఆ ఒక్క ప్రశ్న కోసం నెలల తరబడి ఎదురుచూసినా నష్టం లేదు.

అందుకే నా ఓటు ఇలా పడుతుంది. ముందే రిజిస్టర్ చేసి, ప్రోటోకాల్ బయటపెట్టి, ర్యాండమైజ్ చేసిన (ఏ రోగికి ఏ చికిత్సో చీటీ తీసినట్టు నిర్ణయించిన) ట్రయల్ అయితే ప్రీప్రింట్ పెట్టి, వెంటనే జర్నల్‌కూ పంపాలి. ఏది ప్రధాన ఫలితమో ముందే రాసిపెట్టి ఉంటుంది కనుక తర్వాత మాట మార్చే వీలు తక్కువ. వ్యాధి వ్యాప్తి సర్వేలు, కొత్త పద్ధతుల పేపర్లు కూడా నిరభ్యంతరంగా పెట్టొచ్చు. రికార్డుల్లోంచి "ఈ మందు పనిచేస్తోంది" అని చెప్పే పేపర్‌కు మాత్రం ముందు జర్నల్ రివ్యూనే మేలు. అందులో పేరొచ్చేది మనకు, దెబ్బ తగిలేది రోగికి. కేస్ రిపోర్టుల సంగతి వేరు, వాటిని మెడ్‌ఆర్కైవ్ తీసుకోదు. రోగి సమ్మతి పత్రం చేతిలో పెట్టుకుని నేరుగా జర్నల్‌కే పంపాలి.

జూనియర్లకు ప్రీప్రింట్‌తో ఇంకో లాభం ఉంది. జర్నళ్ల చుట్టూ పేపర్ తిరుగుతున్నంత కాలం ఫెలోషిప్ దరఖాస్తులో చూపడానికి ఏమీ ఉండదు. ప్రీప్రింట్‌కైతే తేదీ, డీఓఐ (పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటాయి. ఎవరు ముందు చెప్పారన్నది రికార్డవుతుంది. ఇది స్వార్థం అని సీనియర్లు కొట్టిపారేయడం నాకు నచ్చదు. రెండేళ్ల పనికి దాఖలా కోరుకోవడంలో తప్పేముంది?

పెట్టదలుచుకుంటే అప్‌లోడ్ నొక్కే ముందే ప్రతి కో-ఆథర్ ఒప్పుకోలూ ఈమెయిల్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. ఒకసారి ఎక్కిందంటే పూర్తిగా తుడిచేయడం దాదాపు అసాధ్యం. సవరించి రెండో వెర్షన్ పెట్టినా మొదటిది అలాగే కనిపిస్తుంది. వెనక్కి తీసుకున్నా, తీసుకున్నట్టు నోటీసుతో పేజీ మిగులుతుంది. లైసెన్స్ ఎంచుకునే దగ్గరా తొందరపడొద్దు. పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చనే సీసీ బై లైసెన్స్ ఒకసారి ఇస్తే తిరిగి రద్దు చేసుకోలేం. జర్నల్‌కు పంపేటప్పుడు కవర్ లెటర్ మొదటి పేరాలోనే ప్రీప్రింట్ లింక్ ఇవ్వండి. జర్నల్‌లో వచ్చాక ప్రీప్రింట్ పేజీకి ఆ లింక్ చేరిందో లేదో చూసి, చేరకపోతే సర్వర్ వాళ్లకు మెయిల్ పెట్టండి.