పాత పెట్రోల్ స్విఫ్ట్‌కు తుక్కులో దొరికే డీజిల్ స్ట్రట్లు: కొనొచ్చా?

స్ట్రట్టు అంటే ముందు చక్రం దగ్గర స్ప్రింగు, షాకప్ కలిసి ఉండే భాగం. స్ప్రింగులు, షాకప్‌లు రెండూ ఒకే బండి నుంచి దిగిన సెట్టయితే కొనొచ్చు. స్ప్రింగులు ఒక దుకాణంలో, షాకప్‌లు ఇంకో దుకాణంలో ఏరుకొని జత చేసే పనైతే వద్దు. ఆ డబ్బుకు ఇంకొంత కలిపి కంపెనీ పెట్రోల్ స్ట్రట్లు కొత్తవి వేసుకోవడమే మేలు.

ఇక్కడ మాట్లాడుతున్నది 2005 నుంచి 2011 దాకా వచ్చిన మొదటి తరం స్విఫ్ట్ గురించి. 2007లో దీనికి 1.3 లీటర్ డీజిల్ ఇంజిన్ వచ్చింది. ఆ ఇంజిన్ బరువెక్కువ కాబట్టి ముందు స్ప్రింగులు గట్టివి. పెట్రోల్ బండికి అవి వేస్తే ముందు భాగం కొద్దిగా లేస్తుంది, గుంతల్లో అడుగుదాకా కూర్చోదు. నల్లగొండ నుంచి దేవరకొండ, మునుగోడు వైపు ఊళ్లలో స్పీడ్ బ్రేకర్ల మీద నలుగురు మనుషులతో, సామానుతో తిరిగే బండికి ఇది పనికొచ్చే మార్పే. ఒక్కరే కూర్చొని నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీద నడిపే వాళ్లకు మాత్రం లాభం లేదు. బండి ఖాళీగా ఉన్నప్పుడు చిన్న చిన్న గతుకులు కూడా స్టీరింగ్‌కు తెలుస్తాయి.

ఒకే బండి సెట్టు ఎందుకంటే, స్ప్రింగు తీగ మందం కొంచెం మారినా బిగువు చాలా మారుతుంది. చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య అవే ఉండి 11 మిల్లీమీటర్ల తీగకు బదులు 11.5 ఉంటే బిగువు దాదాపు 19 శాతం పెరుగుతుంది. గట్టి స్ప్రింగును పాత పెట్రోల్ షాకప్ మీద పెడితే, స్ప్రింగు తిరిగి పైకి లేచేటప్పుడు షాకప్ దాన్ని ఆపలేదు. స్పీడ్ బ్రేకర్ దాటాక బండి రెండు మూడు సార్లు ఊగుతుంది, మలుపులో పట్టు తప్పుతుంది. కొందరు మిస్త్రీలు ఎత్తు సరిచేయడానికి స్ప్రింగు చుట్టు కోస్తారు, లేకుంటే గ్యాస్ మంట పెట్టి కూర్చోబెడతారు. కోసిన కొస, స్ప్రింగు ఆనే గిన్నెలో సరిగా కూర్చోదు. మంట తగిలిన తీగకు పదును పోతుంది, ఆ తర్వాత విరిగేది అక్కడే. ఈ రెండింటిలో ఏది చేస్తామన్నా బండి ఇయ్యొద్దు.

దుకాణంలో మొదట అడగాల్సింది బండి ఎటువైపు దెబ్బ తిన్నదని. వెనుక గుద్దుకున్న బండి ముందు స్ట్రట్లు మంచివి దొరుకుతాయి. ముందు గుద్దుకున్న బండివైతే చవకగా ఇచ్చినా వద్దు. షాకప్ రాడ్డు వంకర కంటికి తెలియదు, చేత్తో తిప్పితే ఒక చోట పట్టేస్తుంది. స్ప్రింగు విప్పించి చూడకుండా డబ్బులు ఇవ్వకూడదు.

స్ట్రట్టును నిలబెట్టి నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి లాగాలి. పడుకోబెట్టి ఉంచిన షాకప్‌లో గాలి చేరి మొదట ఉత్తిగా దిగుతుంది, అది చూసి పాడైందని అనుకోవద్దు. ఆ తర్వాత కూడా నడుమ ఒక చోట బరువు లేకుండా జారితే లోపల వాల్వు అయిపోయినట్టే. గ్యాస్ షాకప్ అయితే నొక్కి వదిలాక రాడ్డు తనంతట తాను మెల్లగా పైకి రావాలి. కుడి ఎడమ స్ట్రట్ల రాడ్లు రెండూ ఒకే వేగంతో రావాలి. రాడ్డు మీద గోరు పెట్టి పైనుంచి కిందికి గీయండి. గోరుకు చిన్న గుంత తగిలినా అది కొత్త సీలును కూడా కోసేస్తుంది. ఒంటి మీద సన్నటి నూనె తడి ఉంటే పర్వాలేదు, నూనెకు మట్టి అంటి ముద్ద కట్టిందంటే సీలు పోయిందని అర్థం. కింది గిన్నె వెల్డింగు చుట్టూ తుప్పును వైరు బ్రష్‌తో గీకి చూడాలి, పగులు దాక్కునేది అక్కడే.

“ఒకటే సైజు సార్, డైరెక్ట్ పడుతది” అన్న మాట మీద కొనొద్దు. సన్నటి కొలతలు తీసే వెర్నియర్ పట్టుకుపోవాలి. పాత స్ట్రట్టు పక్కన పెట్టి కింది రెండు బోల్టు రంధ్రాల మధ్య దూరం, వాటి సైజు, గిన్నె ఎత్తు, మలుపులో బండి ఒరగకుండా పట్టే స్టెబిలైజర్ లింక్ తగిలే చెవి ఎత్తు, బ్రేక్ పైపు క్లిప్పు స్థానం, పై రాడ్డు మర సరిచూడాలి. రంధ్రం కోలగా సాగి ఉంటే ఆ స్ట్రట్టు పక్కన పెట్టేయండి. అది చక్రం వంపును మార్చేస్తుంది. స్ప్రింగులు రెండింటినీ చదునైన నేల మీద నిలబెడితే ఎత్తు సమానంగా ఉండాలి.

రబ్బరు మాత్రం పాతది అసలు వద్దు. స్ట్రట్టును బాడీకి పట్టే పై మౌంట్లు రెండు, బేరింగులు రెండు, షాకప్ అడుగుదాకా కొట్టకుండా ఆపే బంప్ స్టాపులు రెండు, రాడ్డుకు దుమ్ము తగలకుండా కప్పే డస్ట్ బూట్లు రెండు, లాక్ నట్లు అన్నీ కొత్తవే. నీళ్లలో మునిగిన బండి బేరింగు చేత్తో బాగానే తిరుగుతుంది, బరువు పడ్డాక కరకరలాడుతుంది. ఈ సామాను ఖర్చు కలిపే బేరం లెక్క వేయాలి. పాత సెట్టు ధర కొత్త జత ధరలో మూడో వంతు దాటితే వదిలేయడమే.

బిగింపులో ప్రాణం మీదికి వచ్చేది ఒక్కటే: స్ప్రింగును రెండు వైపులా కంప్రెసర్ కొక్కేలతో నొక్కి పట్టకముందు స్ట్రట్టు పైన ఉండే నడుమ నట్టు విప్పకూడదు. తాడు కట్టి, కాలితో తొక్కి చేసే చోట పని చేయించొద్దు. బ్రేక్ పైపు, ఏబీఎస్ ఉంటే దాని వైరు క్లిప్పుల నుంచి తీశాకే స్ట్రట్టు కదపాలి. స్ప్రింగు కొస కింది గిన్నెలో ఉండే మెట్టుకు ఆనాలి. ఆనకపోతే స్టీరింగ్ తిప్పినప్పుడల్లా టంగ్ మని చప్పుడు. ఆ చప్పుడు విని స్టీరింగ్ రాక్ మార్పించుకున్న వాళ్లు కూడా ఉంటారు. చక్రాన్ని కింద నుంచి పట్టే లోయర్ ఆర్మ్ బుష్‌లు కూడా అదే పనిలో మారిస్తే వాటి బోల్టులను బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే ఆఖరుగా బిగించాలి. జాకీ మీద ఉండగా బిగిస్తే రబ్బరు మెలి పడి ఉండిపోయి త్వరగా చిరుగుతుంది.

అలైన్‌మెంట్ చేయించకుండా బండి దూరం తీసుకుపోవద్దు. ముందు భాగం లేచినప్పుడు టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, మారుతుంది, చక్రం పైభాగం బయటికి వాలి టైరు బయటి అంచు అరుగుతుంది. ఈ బండిలో మెషిన్ మీద సరిచేసేది టో ఒక్కటే. కాంబర్‌లో, అంటే చక్రం నిలువు వంపులో, తేడా ఎక్కువ చూపిస్తే తప్పు స్ట్రట్టులోనో, ఆర్మ్‌లోనో వెతకాలి. పనికి ముందూ తర్వాతా హబ్ నడుమ నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా కొలిచి రాసి పెట్టుకోండి. కుడి ఎడమలకు 10 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే మళ్లీ విప్పించాల్సిందే. హెడ్‌లైట్ కిందికి దించడం చాలామంది మర్చిపోతారు, రాత్రి ఎదురొచ్చే వాళ్ల కళ్లలో పడుతుంది.

వెనుక స్ప్రింగు, షాకప్ వేర్వేరుగా ఉంటాయి, మార్చడం తేలిక. అక్కడ తుక్కు సామానుతో పని లేదు, షాకప్‌లు కొత్తవే వేయించండి.

ఎత్తు పెంచాలని స్ప్రింగు కింద దిమ్మలు కూడా పెడతామంటే ఒప్పుకోవద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన కొలతలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదు, బీమా దగ్గర కూడా అదే అడ్డొస్తుంది. డీజిల్ సెట్టు వేసే ముందు కూడా ఆర్టీఏ ఆఫీసులో, బీమా కంపెనీలో అడిగి తెలుసుకోండి.

ఒకే బండి నుంచి దిగి, పరీక్షకు నిలబడి, కొత్త రబ్బర్లతో వేసిన సెట్టుకు ఐదు మార్కులకు నాలుగు ఇవ్వొచ్చు. అవే స్ట్రట్లు పాత మౌంట్లతో బిగిస్తే రెండు. కొనేటప్పుడు బిల్లు మీద ఏ మోడల్, ఏ సంవత్సరం బండిదో రాయించుకొని, కొలతలు కుదరకపోతే వాపసు తీసుకుంటామన్న మాట కూడా అందులోనే రాయించుకోండి.