జేఎస్‌డామ్: చురుకైనదే, చూపే లేదు

మా వెబ్ దరఖాస్తు ఫారం సరిగ్గా పనిచేస్తోందో లేదో కోడ్‌తో పరీక్షించే టెస్టులు 140. అవన్నీ అసలు బ్రౌజర్‌లో నడిచిన రోజుల్లో, మొదలుపెట్టి టీ తాగి వచ్చినా సగమే అయ్యేవి. జేఎస్‌డామ్‌కు మారాక ఆ టీ పోయింది.

జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపే నోడ్ లోపల, జావాస్క్రిప్ట్‌తోనే కట్టిన బ్రౌజర్ నమూనా ఇది. తెర తెరుచుకోదు. అయినా డాక్యుమెంట్ ఉంటుంది, క్లిక్ చేస్తే ఈవెంట్ పుడుతుంది, ఫారంలో తప్పు ఉంటే మన కోడ్ పెట్టే ఎర్ర సందేశం వచ్చి చేరుతుంది. నా పనిలో ముప్పాతిక వంతు ఇంతే.

అమర్చుకోవడంలో మాత్రం ఒక పూట పోగొట్టుకున్నాను. తప్పు నాదే, పాత పాఠం చూసి మొదలుపెట్టాను. టెస్టులను నడిపే పనిముట్టు జెస్ట్‌లో, 2021లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి డిఫాల్టు ఎన్విరాన్‌మెంట్ జేఎస్‌డామ్ బదులు నోడ్ అయిపోయింది. 28 నుంచి జేఎస్‌డామ్ ఎన్విరాన్‌మెంట్ ప్యాకేజీని విడిగా తెచ్చుకోవాలి. దాన్ని అన్నిటికీ తగిలించకండి. డామ్ (కోడ్‌కు కనిపించే పేజీ రూపం) అవసరమైన టెస్టు ఫైలు నెత్తిన ఒక కామెంటు రాస్తే చాలు. తేదీల లెక్కలకు బ్రౌజర్ ఎందుకు? తెర సైజు లాంటివి అడిగి తెలుసుకునే మ్యాచ్‌మీడియా జేఎస్‌డామ్‌లో లేదు, సెటప్ ఫైల్లో ఉత్తుత్తిది రాసుకున్నాను. పేజీలో కనిపించే అక్షరాలను తెచ్చే ఇన్నర్‌టెక్స్ట్ కూడా లేదు, టెక్స్ట్‌కంటెంట్‌తో సరిపెట్టుకోవాలి.

నన్ను నిజంగా బోల్తా కొట్టించింది జిల్లాల మెనూ. కింద చోటు చాలకపోతే అది పైకి తెరుచుకోవాలి. టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి. ఫోనులో చూస్తే జాబితా సగం తెర కిందికి జారిపోయింది! జేఎస్‌డామ్ లేఅవుట్ లెక్కే కట్టదు. ఏ పెట్టెను కొలవమన్నా ఎత్తు 0, వెడల్పు 0, పైనుంచి దూరం 0 అంటుంది. కిటికీ ఎత్తు మాత్రం 768 అని చెబుతుంది. అంటే నా మెనూ దృష్టిలో కింద ఎప్పుడూ 768 పిక్సెళ్ల మైదానం. పైకి తెరుచుకునే కోడ్ ఒక్కసారీ నడవలేదు, దాన్ని పరీక్షించానని నేను మురిసిపోయాను.

కొలతలను దొంగ అంకెలతో నింపి చూశాను. కోడ్ నడిచింది కానీ, ఆ అంకెలు రాసింది నేనే కదా, తృప్తి కలగలేదు. మెనూ టెస్టులు మూడింటినీ అసలు బ్రౌజర్‌ను కోడ్‌తో నడిపే ప్లేరైట్‌కు పంపేశాను. మిగతా 137 జేఎస్‌డామ్‌లోనే ఉన్నాయి. నిన్న సాయంత్రం 18 సెకన్లలో ముగిశాయి.