చేతి కొంగుల కోసమే కొన్న దుస్తులు: ‘తా గ’ నృత్యంతో ఐదేళ్లు

ఉద్యోగరీత్యా బీజింగ్‌లో ఉన్నప్పుడు సాయంత్రపు తరగతిలో ‘తా గ’ నేర్చుకున్నాను. ఆ పేరుకు అడుగుల తాళంతో పాడే పాట అని అర్థం. చైనాను సుమారు రెండు వేల ఏళ్ల కిందట ఏలిన హాన్ రాజవంశ కాలపు రాతిచెక్కడాలనూ మట్టిబొమ్మలనూ పరిశీలించి బీజింగ్ నృత్య అకాడమీకి చెందిన సున్ యింగ్ కూర్చిన ఈ బృంద నృత్యం గురించి చాలామంది రాశారు కనుక, దాని ఆకుపచ్చని దుస్తుల్లో నా మనసు దోచుకున్న పొడుగు చేతుల గురించే రాస్తాను. మన చీర కొంగులాగా వేళ్లు దాటి వేలాడతాయి కనుక వాటిని నేను చేతి కొంగులు అనుకుంటాను.

ఏళ్ల తరబడి కూచిపూడి హస్తాలు, అంటే చేతి ముద్రలు, సాధన చేసిన నాకు మొదటి నెల దిక్కు తోచలేదు. పతాకం పట్టినా ముష్టి పట్టినా గుడ్డ లోపల ఎవరికి కనబడుతుంది? పైగా వెన్ను నిటారుగా నిలపడం అలవాటైన ఒంటిని భుజాలు ముడిచి, గడ్డం లోపలికి లాగి, మోకాళ్లు వదులు చేసి, నడుము మెలితిప్పి, తుంటి పక్కకు వాల్చమన్నారు. అయితే మోచేతి దగ్గర మొదలైన కదలిక మణికట్టు దాటి గుడ్డ చివరిదాకా అలగా పాకి, నా చేయి ఆగిన అరక్షణం తరువాత కొంగు కొస లేచి వాలడం అద్దంలో చూసిన రోజున, వేళ్లు కనబడడం లేదన్న బెంగ పూర్తిగా పోయింది. చైనా నాటకరంగంలో దుస్తుల చేతులకు కుట్టే తెల్లని పట్టు కొంగులను ‘షుయీషియూ’, అంటే నీటి చేతులు, అని ఎందుకంటారో కూడా అప్పుడే అర్థమైంది.

నేను మొదట కొన్న దుస్తులు పాలియెస్టర్ షిఫాన్‌వి. తేలిక, చవక, ఇస్త్రీ అక్కరలేదు అని తోటివారి చేత కూడా కొనిపించాను. జనవరిలో, హీటర్లతో గాలి ఎండిపోయిన హాలులో మా ప్రదర్శన జరిగింది. రెండు చేతులూ పైకి విసరవలసిన చోట కుడి కొంగు లేచింది కానీ ఎడమది పావడాకు అతుక్కుపోయింది. లాగితే చిటపటలాడుతూ ఊడి, పక్కనున్న అమ్మాయి వీపుకు అంటుకుంది. ఒకరి వెంట ఒకరుగా సాగవలసిన వరుస అక్కడ తెగింది, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వేదిక ఎక్కే ముందు కొంగుల మీదా పావడా లోపలి వైపునా సన్నగా నీటి తుంపర చల్లుకోవాలని మా గురువుగారు ఆ తరువాత చెప్పారు. ఆ చిట్కా చలికాలమంతా పనిచేసింది, కానీ తడి ఎక్కువైతే కొంగు బరువెక్కి లేవదు.

మరుసటి ఏడాది కొంగులు మాత్రం పట్టుతో మళ్లీ కుట్టించాను. గాలిలో అవి నిదానంగా, చప్పుడు లేకుండా దిగుతాయి. ఆ దిగడం చూశాక పాలియెస్టర్‌ను నేను అంతగా మెచ్చుకోవడం తొందరపాటే అనిపించింది. అయితే పట్టు కూడా మణికట్టు దగ్గర చెమటకు పసుపుబారింది, నేలకు రాసుకునే అంచు రెండుసార్లు పీచులు లేచింది. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం కావడంతో మూరన్నర కొంగు తిరుగుళ్లలో కాలి కింద పడుతుంది.

ఇప్పుడు విశాఖలో ఉంటున్నాను. ఈ ఉక్కపోతలో పాలియెస్టర్ అతుక్కోవడం మానేసింది, పట్టే తడిసి ఒంటికి అంటుకుంటోంది. కనుక తీరప్రాంతంలో ఉండి, వారానికి రెండు రోజులు సాధన చేసేవారికి నా పాత చవక కొంగులే చాలునేమో. పొడి చలి ఉన్న ఊళ్లో వేదిక ఎక్కేవారైతే పట్టుకే ఖర్చు పెట్టండి. నేను మాత్రం సాధనకు పాలియెస్టర్, ప్రదర్శనకు పట్టు వాడుతున్నాను. ఈసారి అంచు పోతే జానెడు తగ్గించి కుట్టించుకుంటాను.