మొదటి తరం డాడ్జ్ వైపర్: ఎలక్ట్రానిక్ సాయం లేని కారుతో రెండు రోజులు

1992లో అమ్మకానికి వచ్చిన అమెరికన్ స్పోర్ట్స్ కారు డాడ్జ్ వైపర్ ఆర్‌టీ 10లో ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) లేదు, ట్రాక్షన్ కంట్రోల్ (వేగం పెంచేటప్పుడు చక్రాలు జారకుండా చూసే ఏర్పాటు) లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు, తలుపులకు బయటివైపు హ్యాండిళ్లు కూడా లేవు. ఉన్నదల్లా 400 హార్స్‌పవర్ శక్తినిచ్చే 8 లీటర్ల వీ10 ఇంజను, ఆరు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్సు, వెనక చక్రాలకు చేరే బలం. ఈ కారుకు ఏబీఎస్ 2001 మోడల్‌లో గాని రాలేదు, కారు అదుపు తప్పి తిరిగిపోకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ 2013 మోడల్‌లో గాని రాలేదు. మొదటి తరం కారును ఇతర వాహనాలు రాని ట్రాక్ మీద, శిక్షకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రెండు రోజులు నడిపాను. దాని వేగం గురించి కాక, దాన్ని అదుపులో పెట్టుకోవడం ఎలా నేర్చుకోవాల్సి వచ్చిందో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

ఈ ఇంజనులో జాగ్రత్తపడవలసింది గరిష్ఠ వేగం దగ్గర కాదు. 630 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఇంజను నిమిషానికి 3,600 సార్లు తిరిగేటప్పుడే పూర్తిగా అందుతుంది. ఇంజనులోకి గాలిని ఒత్తిడితో పంపే టర్బో లేదు కాబట్టి పాదం కదిలిన మరుక్షణమే ఆ బలం వెనక టైర్లకు చేరుతుంది. అందుకే శిక్షకుడు నాకు ఇచ్చిన మొదటి సూచన, రెండో గేరులో తిరగాలనిపించే మలుపులన్నింటినీ మూడో గేరులో తిరగమని. గేరు పెరిగినకొద్దీ చక్రాలకు అందే బలం తగ్గుతుంది గనుక, పాదం చేసే చిన్న పొరపాటును టైర్లు భరించగలుగుతాయి. ఆ తరువాత ఆయన, స్టీరింగ్‌కూ యాక్సిలరేటర్‌కూ మధ్య ఒక దారం కట్టి ఉందనుకోమన్నారు. స్టీరింగ్ ఎంత తిరిగి ఉంటే పెడల్ అంత పైకి లాగబడాలి, స్టీరింగ్ నిటారుగా వస్తున్న కొద్దీ మాత్రమే పెడల్ కిందికి దిగాలి. టైరుకు ఉన్న పట్టు ఒక్కటే. దాన్ని తిరగడానికి వాడుకుంటే వేగం పెంచడానికి మిగలదు. ట్రాక్షన్ కంట్రోల్ ఉన్న కార్లలో ఈ లెక్కను కంప్యూటరు చూసుకుంటుంది, ఇక్కడ బొటనవేలి కింది కండరమే చూసుకోవాలి.

బ్రేకుల విషయంలో నా అలవాట్లు అన్నీ మార్చుకోవలసి వచ్చింది. ఏబీఎస్ ఉన్న కారులో అత్యవసరంగా ఆగాలంటే పెడల్‌ను ఒక్కసారిగా బలంగా తొక్కి పట్టుకుంటే సరిపోతుంది. ఇందులో అలా తొక్కితే ముందు చక్రాలు బిగుసుకుపోతాయి, బిగుసుకున్న చక్రం జారుతుందే తప్ప స్టీరింగ్ మాట వినదు. మొదట మెల్లగా ఒత్తిడి పెట్టి, కారు బరువు ముందు టైర్ల మీదికి వచ్చాక గట్టిగా నొక్కి, వేగం తగ్గుతున్న కొద్దీ సడలించాలి. చక్రం బిగుసుకున్నట్టు చేతికి తెలిసిన వెంటనే పెడల్‌ను కొద్దిగా, అది మళ్లీ తిరిగేంత మాత్రమే, వదలాలి. మొదటి ఉదయమంతా నేను ఈ ఒక్కటే సాధన చేశాను, ఆ సమయం వృథా కాలేదు.

మొదటి రోజు మధ్యాహ్నం ఒక పొడవైన ఎడమ మలుపులోకి ఎక్కువ వేగంతో ప్రవేశించి, భయపడి, యాక్సిలరేటర్ మీద నుంచి పాదం పూర్తిగా తీసేశాను. బరువు ఒక్కసారిగా ముందుకు వెళ్లింది, తేలికపడిన వెనక భాగం పట్టు వదిలింది, కారు గుండ్రంగా తిరిగి గడ్డి అంచున ఆగింది. తప్పు నా పాదానిది. కారు తనకు అందిన ఆజ్ఞనే పాటించింది. స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న కారైతే బయటివైపు ముందు చక్రానికి తనంతట తానే బ్రేకు వేసి నన్ను నిలబెట్టేది, నేను చేసిన తప్పు నాకు తెలిసేదే కాదు. అప్పటి నుంచి రెండు విషయాలను గట్టిగా పాటించాను: మలుపు మధ్యలో పాదాన్ని వదలకుండా కొంచెం మాత్రమే సడలించడం, వెనక భాగం జారినప్పుడు అటువైపే స్టీరింగ్ తిప్పి పట్టు దొరికిన వెంటనే దాన్ని తిరిగి నిటారుగా తేవడం. ఈ రెండో పని ఆలస్యమైతే కారు ఇంకా బలంగా ఎదురుదిశలో విసురుకుంటుంది. ఇక ఆపలేమని తేలిపోతే క్లచ్, బ్రేకు రెండూ పూర్తిగా తొక్కి ఉంచాలి.

టైర్లు ముందు 275, వెనక 335 మిల్లీమీటర్ల వెడల్పువి. అంత వెడల్పు టైరు చల్లగా ఉన్నప్పుడు ఇవ్వగలిగే పట్టుకూ వేడెక్కాక ఇచ్చే పట్టుకూ చాలా తేడా ఉంటుంది కాబట్టి మొదటి రెండు చుట్లూ నెమ్మదిగానే తిరగాలి. పాత కారును కొనేవారు టైరు పక్కన ముద్రించిన నాలుగు అంకెలను తప్పక చూడాలి: మొదటి రెండూ తయారైన వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి. తక్కువ తిరిగిన కారుకు గాడులు లోతుగానే ఉన్నా, ఏళ్లు గడిచి గట్టిపడిన రబ్బరు పట్టు ఇవ్వదు.

సౌకర్యం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎగ్జాస్ట్ గొట్టాలు తలుపుల కింది అంచుల్లోనే ఉంటాయి కాబట్టి దిగేటప్పుడు కాలు తగలకుండా చూసుకోవాలి. పెడళ్లు ఎడమ పక్కకు జరిగి ఉన్నందున కూర్చునే తీరుకు అలవాటుపడటానికి కొంత సమయం పడుతుంది.

రెండో రోజు సాయంత్రం అదే ఎడమ మలుపులో వెనక భాగం కొద్దిగా కదిలినప్పుడు నా చేతులు ఆలోచన కంటే ముందే సరిచేశాయి, ఆ ఆనందం ఇప్పటికీ తాజాగానే ఉంది. ఈ కారును నేర్చుకోవడానికి ఓపిక ఉన్నవారికి నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను, కాని నేను వెళ్లిన క్రమంలో వెళ్లవద్దంటాను. ముందుగా నీళ్లు చల్లిన విశాలమైన స్కిడ్ ప్యాడ్ (కారు జారడాన్ని సాధన చేసే ఖాళీ మైదానం) మీద ఒక పూట గడపండి. అక్కడ గంటకు 40 కిలోమీటర్ల వేగంలోనే వెనక భాగాన్ని జార్చవచ్చు, చుట్టూ గుద్దుకోవడానికి ఏమీ ఉండదు, ఒకే తప్పును ఇరవై సార్లు చేసి ఇరవై ఒకటోసారి సరిచేసుకోవచ్చు.